కర్బన నానోనాళికలు – శీతల ఎలక్ట్రాన్ ఉద్గారము

వాల్వు రేడియోలను వాడిన తరమువారికి ఒక యనుభవము గుర్తుండియే యుండును. మీట త్రిప్పిన వెంటనే ఆ రేడియో పలికెడిది కాదు. లోపలి గాజుబుడ్లు మెల్లమెల్లగా ఎఱ్ఱబారి, వేడెక్కి, కొంత సేపు గడచిన పిమ్మటగాని అందుండి మాట వినవచ్చెడిది కాదు. ఆ నిరీక్షణమునకు కారణము బుడ్డి లోపలి కాగవలసిన భాగము. అది కాగినగాని ఎలక్ట్రానులను విడువదు. ఎలక్ట్రానులు వెలువడినగాని వాల్వు పనిచేయదు. ట్రాన్సిస్టరు వచ్చి రేడియోలనుండి వాల్వును తొలగించినను, కాగిన తీగ మాత్రము లోకమునుండి తొలగిపోలేదు. ఆసుపత్రులలోని ఎక్స్‌రే గొట్టములలో అధికభాగము నేటికిని అట్టి తీగతోడనే పనిచేయుచున్నవి.

వేడిమి లేకుండ ఘనపదార్థమునుండి ఎలక్ట్రానులను వెలికి రప్పించుట సాధ్యమా? సాధ్యమే యని శాస్త్రజ్ఞులు నూఱేండ్లకు పూర్వమే యెఱుగుదురు. అయితే తక్కువ వోల్టులతో, నిలుకడగా, చిరకాలము రప్పించుట యెట్లన్నదే చిక్కు. ఈ చిక్కునకు 1995వ సంవత్సరమునుండి కర్బన నానోనాళిక యొక సమాధానముగా నిలిచినది. ఆ సమాధాన మెంతవరకు సరియైనది, ఎచ్చట విఫలమైనది, ఎచ్చట ఫలించినది యను విషయమును వివరించుటయే ఈ వ్యాసమున కుద్దేశము.

గోడయు, దానిని దాటు త్రోవలును

లోహములోని ఎలక్ట్రానులలో కొన్ని ఏ యొక్క పరమాణువునకును కట్టుబడక లోహమంతటను స్వేచ్ఛగా సంచరించును. తీగలో విద్యుత్తు ప్రవహించుట యనగా వీని చలనమే. కాని ఈ స్వేచ్ఛ ఇంటి ప్రాంగణములోని స్వేచ్ఛ వంటిది. ఉపరితలమును చేరిన ఎలక్ట్రాను బయటికి పోబోవగా, వెనుక మిగిలిన ధనావేశము దానిని లోనికి లాగును. ఆ లాగుడు ప్రాంగణము చుట్టునున్న ప్రహరీగోడవలె పనిచేయును. ఆ గోడ యెత్తును శాస్త్రజ్ఞులు ‘పని ప్రమేయము’ అందురు. దానిని ఎలక్ట్రాన్‌వోల్టులలో కొలుతురు. ఒక వోల్టు భేదమును దాటినపుడు ఎలక్ట్రాను పొందు శక్తియే ఒక ఎలక్ట్రాన్‌వోల్టు. టంగ్‌స్టను లోహమునకు ఈ గోడ యెత్తు సుమారు 4.5 ఎలక్ట్రాన్‌వోల్టులు. గది వేడిమి ఈయగల శక్తి యొక ఎలక్ట్రాన్‌వోల్టులో సుమారు నలుబదవ వంతు మాత్రమే. కావుననే మన యిండ్లలోని లోహపాత్రలు ఎలక్ట్రానులను వెదజల్లక నిమ్మళముగా నున్నవి.

ఈ గోడను దాటుటకు రెండు త్రోవలు కలవు. మొదటిది ఎగిరి దాటుట. ఎసరు మరిగినపుడు నీటి అణువులు ఆవిరియై పైకి లేచునట్లు, లోహము బాగుగా కాగినపుడు కొన్ని ఎలక్ట్రానులు తగినంత శక్తిని పొంది గోడమీదుగా బయటపడును. దీనిని ఉష్ణోద్గారము అందురు. 1880 ప్రాంతమున ఎడిసన్ తన విద్యుద్దీపములలో కాగిన తీగనుండి గాలి లేని స్థలముగుండ, అనగా నిర్వాతముగుండ, విద్యుత్తు ప్రవహించుట గమనించెను. 1897లో జె. జె. థామ్సన్ ఎలక్ట్రానును గుర్తించిన పిదప ఆ ప్రవాహ స్వభావము తెలియవచ్చినది. 1904లో ఫ్లెమింగ్ దాని నాధారముగా గొని తొలి వాల్వును నిర్మించెను. వేడిమికిని వెలువడు ఎలక్ట్రానుల సంఖ్యకును గల సంబంధమును నిరూపించిన ఓవెన్ రిచర్డ్‌సన్ 1928వ సంవత్సరపు నోబెల్ బహుమానమునకు పాత్రుడయ్యెను. 1913లో కూలిడ్జ్ కాగిన టంగ్‌స్టను తీగతో ఎక్స్‌రే గొట్టమును రూపొందించెను. నేటి ఆసుపత్రి గొట్టములు దాని సంతతియే.

ఈ త్రోవ నమ్మదగినదే గాని వ్యయము పెద్దది. టంగ్‌స్టను తీగ తగినన్ని ఎలక్ట్రానులను విడుచుటకు సుమారు 2,200 డిగ్రీల సెంటిగ్రేడు వఱకు కాగవలెను. అందులకు విద్యుత్తు కావలెను. కాగుటకు కాలము పట్టును. కాగిన తీగ క్రమముగా ఆవిరియై సన్నబడి తుదకు తెగిపోవును. మఱియు అట్టి తీగలను చిన్న స్థలమున పదులకొలది చేర్చుట కష్టము.

రెండవ త్రోవ గోడను పలుచబఱచుట. లోహము నెదుట ధనావేశము గల పలక నుంచి బలమైన విద్యుత్ క్షేత్రమును కల్పించినచో, గోడ యవతలి ప్రక్క వాలుగా దిగి, దాని మందము తగ్గును. సాధారణమైన బంతికి పలుచని గోడయు గోడయే. కాని ఎలక్ట్రాను కేవలము కణము గాదు. దానికి తరంగ స్వభావము కూడ కలదు. గోడ పలుచనైనకొలది అవతలి గదిలోని మాట యివతల వినబడునట్లు, ఎలక్ట్రాను తరంగములో కొంత భాగము పలుచని యడ్డు కావలికి చొచ్చుకొనిపోవును. అనగా ఎలక్ట్రాను గోడ నెక్కకయే అవతల తేలుటకు కొంత యవకాశ మేర్పడును. 1928లో ఫౌలర్, నార్డ్‌హైమ్ అను శాస్త్రజ్ఞులు అప్పటికి క్రొత్తదైన క్వాంటం సిద్ధాంతముతో దీనికి గణితరూప మొసగిరి. ఇదియే క్షేత్రోద్గారము. ఇందు వేడిమితో పని లేదు.

ఇచ్చట నొక లెక్క చూడదగును. ఒక మిల్లీమీటరులో పదిలక్షలవ వంతు ఒక నానోమీటరు. గోడ యెత్తు 5 ఎలక్ట్రాన్‌వోల్టులనుకొందము. క్షేత్రబలము నానోమీటరుకు 5 వోల్టులైనచో, గోడ మందము ఒక్క నానోమీటరునకు దిగును. అంత పలుచనైన గోడను ఎలక్ట్రానులు ధారాళముగా దాటగలవు. కాని అంతకు కొంచెము తక్కువగా, నానోమీటరుకు 4 వోల్టుల క్షేత్రమును ఒక మిల్లీమీటరు ఎడముగల రెండు చదునైన పలకల నడుమ కల్పింపవలెనన్నను 40 లక్షల వోల్టులు కావలెను! అది యాచరణసాధ్యము గాదు. కావున రెండవ త్రోవకు తాళపుచెవి మఱియొకచోట వెదుకవలసియున్నది.

మొన యొక్క మహిమ

పిడుగు చదునైన చేనికంటె ఒంటిగా నిలిచిన తాటిచెట్టుమీద పడుట యెక్కువ యని పల్లెవాసులందఱు ఎఱుగుదురు. ఎత్తుగా నిలిచిన సన్నని మొన దగ్గఱ విద్యుత్ క్షేత్రము కేంద్రీకరించును. చుట్టునున్న క్షేత్రము స్వల్పమైనను మొనవద్ద అది అనేక రెట్లగును. నిలువుకమ్మి ఎత్తును దాని మొన వ్యాసార్ధముచేత భాగించినచో వచ్చు సంఖ్య ఈ వృద్ధికి ఉరామరి కొలత. అనగా కమ్మి ఎంత పొడవై, మొన యెంత సన్ననైన, లాభ మంత యధికము.

ఈ సూత్రము నాధారముగా గొని 1936లో ఎర్విన్ మ్యూలర్ సన్నగా చెక్కిన టంగ్‌స్టను సూదితో క్షేత్రోద్గార సూక్ష్మదర్శినిని నిర్మించెను. 1968లో అమెరికాలో స్పిండ్ట్ అను నాతడు మాలిబ్డినము లోహపు సూక్ష్మశంకువులను వరుసలుగా నిలిపి, ఒక్కొక్క శంకువు చుట్టు ద్వారపలక నమర్చి, కొలది వోల్టులతోనే ఎలక్ట్రానులను రప్పించు మార్గము చూపెను. అయితే లోహపు మొనకు రెండు శత్రువులు. నిర్వాతమున మిగిలిన కొద్దిపాటి వాయువు ఉపరితలమున నంటి దాని స్వభావమును మార్చును. ఆ వాయువు నుండి పుట్టిన అయానులు మొనమీద పడి దానిని అరుగజేయును. మొన మొద్దువాఱిన మహిమ పోవును.

చుట్టిన చాపవంటి నాళిక

పెన్సిలులోని గ్రాఫైటు కర్బన పరమాణువుల పొరల దొంతర. ప్రతి పొరయందును పరమాణువులు తేనెపట్టువలె ఆఱు మూలల గళ్ళుగా కూర్చబడియుండును. అట్టి పొర నొకదానిని చాపవలె చుట్టి అంచులు కలిపినచో నేర్పడు బోలుగొట్టమే ఏకకుడ్య నానోనాళిక. దాని వ్యాసము ఒకటి రెండు నానోమీటరులు. ఒకదానిలో నొకటిగా పెక్కు గొట్టము లిమిడియున్నచో అది బహుకుడ్య నాళిక. చాపను ఏ వాలుగా చుట్టితిమన్నదానిని బట్టి ఏకకుడ్య నాళిక లోహమువలెనో అర్ధవాహకమువలెనో ప్రవర్తించుట మిక్కిలి విచిత్రము. తల వెండ్రుక మందము అనేక వేల నాళికలను ప్రక్కప్రక్కన పేర్చినదానితో సమానము.

1952లో రష్యను శాస్త్రజ్ఞులు రాదుష్కెవిచ్, లుక్యానొవిచ్ ఇట్టి బోలు కర్బన తంతువుల చిత్రములను ప్రకటించిరి. కాని అవి లోకదృష్టి నాకర్షింపలేదు. 1991లో జపానునందు సుమియో ఇజీమా బహుకుడ్య నాళికల నిర్మాణమును ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో స్పష్టముగా చూపిన పిమ్మటనే ప్రపంచపు ప్రయోగశాలలు వీనిపై దృష్టి నిలిపినవి. 1993లో ఏకకుడ్య నాళికలు వెల్లడియైనవి. 1997లో బెంగుళూరునందు సి. ఎన్. ఆర్. రావు బృందము ఫెర్రోసీన్ వంటి పదార్థములను వేడిమిచే విడగొట్టి నాళికలను తయారుచేయు విధానమును ప్రకటించినది.

తెలుగువారికి ఆసక్తి కలిగించు సంగతి యొకటి యిచ్చట చెప్పదగును. 2006లో జర్మనీలోని డ్రెస్‌డెన్ శాస్త్రజ్ఞులు 17వ శతాబ్దపు డమాస్కస్ కత్తి ముక్కలో కర్బన నానోనాళికల జాడలు కనుగొంటిమని ప్రకటించిరి. డమాస్కస్ కత్తులకు వాడిన మూసయుక్కు దక్షిణ భారతమునుండి యెగుమతి యైనది. తెలంగాణములోని కోనసముద్రము అట్టి యుక్కునకు పేరుపొందిన తావులలో నొకటి. పాశ్చాత్యులు వాడిన ‘వూట్జ్’ అను మాటయు మన ‘ఉక్కు’ నుండియే పుట్టినదని పెద్దలు చెప్పుదురు. ఆ కమ్మరులు నాళికల నెఱిగి చేసిరనుట అతిశయోక్తి యగును. అదియుగాక, ఉక్కులో నిమిడిన నాళిక ఎలక్ట్రానులను వెదజల్లదు. పదార్థ ముండుట వేఱు. అది మొనదేలి, నిర్వాతమున, ఎదుట క్షేత్రము గలిగి నిలుచుట వేఱు. ఉద్గారమునకు ఈ రెండవదే ప్రాణము.

1995వ సంవత్సరపు ప్రయోగములు

నానోనాళిక పని ప్రమేయము సుమారు 5 ఎలక్ట్రాన్‌వోల్టులు. అనగా దాని గోడ టంగ్‌స్టను గోడకంటె పొట్టిది కాదు. కర్బనమునందు ఎలక్ట్రానులను సులభముగా విడుచు ప్రత్యేక గుణ మేదో కలదని భావించుట పొరపాటు. దాని ఘనత ఆకారమునందే కలదు. పది మైక్రోమీటరుల ఎత్తును, అయిదు నానోమీటరుల మొన వ్యాసార్ధమును గల నాళికను తలంచుకొందము. ఎత్తును వ్యాసార్ధముతో భాగించిన 2,000 వచ్చును. ఎదుటి పలకకును దీనికిని ఒక మిల్లీమీటరు ఎడముంచి 2,000 వోల్టు లిచ్చినచో, మొనవద్ద క్షేత్రము నానోమీటరుకు సుమారు 4 వోల్టులగును. 40 లక్షల వోల్టులు చేయవలసిన పని రెండు వేలతో నెఱవేఱినది!

ఆకారమునకు తోడు మఱి రెండు గుణములు. కర్బన పరమాణువుల బంధములు మిక్కిలి దృఢమైనవి. కావున అధిక విద్యుత్ ప్రవాహమునందును అవి స్థానభ్రంశము చెందుట తక్కువ. నాళిక పొడవెల్ల నొకే లావు గలది గనుక, కొన కొంత అరిగినను శంకువువలె మొద్దువాఱదు.

1995లో అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయ బృందము ఒంటి నాళికనుండి ఎలక్ట్రానుల యుద్గారమును వర్ణించినది. ఆ సంవత్సరమే స్విట్జర్లండులోని లొసాన్ నగరమున డి హీర్, షాత్లాన్, ఉగార్తే అనువారు నాళికల పొరతో ఎలక్ట్రానుల ధారను పుట్టించు సాధనమును నిర్మించిరి. కొన్ని వందల వోల్టులతోనే అది పనిచేసినది. ఆనాటినుండి ఈ విషయము దేశదేశముల ప్రయోగశాలల కెక్కినది. మన దేశమున పుణె విశ్వవిద్యాలయ భౌతికశాస్త్ర విభాగము క్షేత్రోద్గార పరిశోధనకు పేరుగన్నది.

నారుమడి న్యాయము

ఒక నాళిక యిచ్చు ప్రవాహము స్వల్పము. అది సామాన్యముగా మైక్రో ఆంపియరులలో నుండును. పెద్ద ప్రవాహమునకు లక్షల నాళికలు కావలెను. అయినచో వీలైనంత దట్టముగా వానిని పెంచుట మేలుగదా యని తోచును. కాని ప్రకృతి యిచ్చట వేఱొక తీర్పు చెప్పినది. నారుమడిలో కిక్కిరిసి పెరిగిన మొక్క యేదియు దుబ్బు కట్టదు. పెరికి ఎడముగా నాటినగాని పంట పండదు. నాళికల విషయమును అంతియే. దట్టముగా నున్నచో ప్రతి నాళికయు ప్రక్కదానికి క్షేత్రము సోకకుండ అడ్డుపడును. దూరమునుండి చూచిన ఆ మొనల గుంపు చదునైన పలకవలెనే ప్రవర్తించును. నాళికల నడుమ వాని యెత్తునకు సుమారు రెండింతల ఎడముండుట మేలని పరిశోధనలు తేల్చినవి.

రెండవ చిక్కు అంతకంటె సూక్ష్మమైనది. క్షేత్రోద్గారమునందు ప్రవాహము క్షేత్రముతో సమముగా పెరుగదు. అతి వేగముగా పెరుగును. ఫౌలర్, నార్డ్‌హైమ్‌ల సూత్రము ననుసరించి, పైన చెప్పిన నాళికవద్ద క్షేత్రము నూటికి పది వంతులు పెరిగినచో ప్రవాహము అయిదింతలకు మించును. కావున ప్రక్కవానికంటె కొంచెము ఎత్తైన నాళిక, లేక కొంచెము సన్ననైన నాళిక, గుంపు భారమునంతయు తానే మోయవలసివచ్చును. మోసినది వేడెక్కును. 2002లో ఫ్రాన్సులోని లియాన్ శాస్త్రజ్ఞులు ఉద్గారసమయమున ఒంటి నాళిక కొన 2,000 కెల్విన్ డిగ్రీలవఱకు కాగుటను కొలిచి చూపిరి. వేడిమి అక్కఱలేని యుద్గారమునందు ప్రవాహమే వేడిమిని పుట్టించుట గమనింపదగినది. మితిమీరిన నాళిక కాలిపోవును. అప్పుడు భారము తరువాతి యెత్తైనదానిమీద పడును.

దీనికి విరుగుడు లేకపోలేదు. నాళికల క్రింద విద్యుత్తును కొంత నిరోధించు పొరను పఱచిన, ఎక్కువ విడువబోవు నాళికకు వోల్టులు తమంతట తగ్గును. పీఠముపై లోహపు చుక్కలను కొలతప్రకారము అమర్చి, వానిమీద మాత్రమే నాళికలను మొలిపించు పద్ధతియు వచ్చినది. అయినను లక్షల నాళికలను ఒకే ఎత్తున, ఒకే లావున నిలుపుట కష్టసాధ్యముగనే యున్నది.

తెర విఫలమైన విధము

తొలి పదియేండ్లలో పరిశోధకుల చూపంతయు దూరదర్శన యంత్రముల తెరమీద నుండెను. వెనుకటి దూరదర్శన పేటికలో కాగిన మూలమునుండి వచ్చిన ఎలక్ట్రానుల ధార తెరనంతటిని గీయుచు పోవలసియుండుటచే పేటిక లోతుగా నుండెడిది. ప్రతి చుక్కకును దాని వెనుకనే ఒక చల్లని నాళికల గుంపున్నచో తెర పలకవలె పలుచనగును. 1999లో కొరియా దేశపు శాంసంగ్ సంస్థ పరిశోధకులు 4.5 అంగుళముల తెరను నిర్మించి చూపిరి. పత్రికలు గొప్ప ఆశలను ప్రకటించినవి.

ఆ ఆశలు ఫలింపలేదు. తెరమీది ప్రతి చుక్కయు ప్రక్క చుక్కతో సమముగా వెలుగవలెను. నూటికి పదివంతుల తేడా అయిదింతల తేడాగా మాఱు చోట సమత్వము దుర్లభము. పెద్ద తెర లోపల నిర్వాతమును ఏండ్లతరబడి నిలుపుటయు ప్రయాసమే. ఈలోపల ద్రవస్ఫటికపు తెరలు చవుకయై, పెద్దవై, విపణి నాక్రమించినవి. శాస్త్రము తప్పలేదు, పని తప్పుగా ఎన్నుకొనబడినది.

ఎక్స్‌రే గొట్టమున ఫలించిన విధము

ఎక్స్‌రే గొట్టమునకు కావలసినది వేఱు. అందు వేలకొలది నాళికలనుండి వచ్చిన ఎలక్ట్రానులన్నియు ఒకే లోహలక్ష్యముమీద కూడి పడును. ఏ నాళిక యెంత యిచ్చినదని అచ్చట నెవ్వరు నడుగరు. మొత్తము సరిపోయిన చాలును. ఆ మొత్తమును ద్వారపలక వోల్టులను హెచ్చించి తగ్గించి స్థిరముగా నుంచవచ్చును. తెరలో దోషమైన అసమత్వ మిచ్చట మఱుగుపడినది.

మఱియు నాళికకు కాగు కాలము లేదు. మీట వేసిన క్షణముననే ఎలక్ట్రానులు వెలువడును. తీసిన క్షణముననే ఆగును. కావున ఊపిరి నిలిచిన వేళనో, గుండె యొక భంగిమలో నున్న వేళనో చిత్రము తీయుటకు కిరణమును ఆ వేళకే పరిమితము చేయవచ్చును. 2002లో అమెరికాలోని చాపెల్‌హిల్‌నందు ఆటో జౌ బృందము నాళికల మూలముతో వైద్యోపయోగమైన నిరంతర, స్పంద ఎక్స్‌రే కిరణములను పుట్టించి చూపినది. ఆ బృందమే తరువాత రొమ్ము క్యాన్సరును కనుగొను యంత్రమున 31 ఎక్స్‌రే మూలములను వరుసగా అమర్చినది. సాధారణ యంత్రమున ఒక్క గొట్టము కదలుచు పలు కోణములనుండి చిత్రములు తీయవలెను. కదలికవలన చిత్రము కొంత అలుకుకొనిపోవును. ఇచ్చట ఏదియు కదలదు. ఒకదాని తరువాత నొకటిగా మూలములు వెలిగి ఆరును. ఆస్ట్రేలియాలోని అడిలైడ్ నగరపు మైక్రో-ఎక్స్ సంస్థ నాళికల గొట్టముతో రోగి మంచమువద్దకు త్రోసికొనిపోదగిన తేలిక యంత్రమును నిర్మింపగా, అది 2018లో అమెరికాలో అనుమతి పొందినది.

ఒక మాట మఱువరాదు. లక్ష్యముమీద పడిన ఎలక్ట్రానుల శక్తిలో నూటికి తొంబదితొమ్మిది వంతులు ఇప్పటికిని వేడిమిగానే మాఱును. నాళికలు చల్లబఱచినది ఎలక్ట్రానులు పుట్టు తావునే గాని గొట్టము నంతటిని కాదు.

మరల రేడియో

2007లో కాలిఫోర్నియాలోని బర్క్‌లీయందు అలెక్స్ జెటిల్ బృందము ఒకే యొక నానోనాళికతో రేడియోను నిర్మించినది. నిర్వాతమున నిలిపిన ఆ నాళిక కొననుండి ఎలక్ట్రానులు వెలువడుచుండును. రేడియో తరంగము సోకినపుడు నాళిక తంత్రివలె కంపించును; కంపించినకొలది ఎలక్ట్రానుల ప్రవాహము హెచ్చి తగ్గును; ఆ హెచ్చుతగ్గులలో పాట వినబడును. తరంగమును అందుకొనుట, కోరిన కేంద్రమును ఎన్నుకొనుట, ధ్వనిని పెంచుట, పాటను విడదీయుట యను నాలుగు పనులను ఒక్క నాళికయే నిర్వహించినది. వాల్వు రేడియోలో ఇవి యన్నియు చేయుటకు పెక్కు భాగములు కావలసియుండెను. అందు కాగవలసినవియు నుండెను. ఈ రేడియో ప్రయోగశాలలోని నిదర్శనమే గాని అంగడి సరుకు గాదు.

ఒంటి నాళిక పాడగలిగినది. లక్షల నాళికలచే సమముగా పనిచేయించుట కష్టమైనది. వాని హెచ్చుతగ్గులను సహింపగల పనిని వెదకినపుడు అవి రోగికి మేలు చేసినవి. నారును తగిన ఎడమున నాటిన రైతునకును, నాళికలకు తగిన ఎడమును తగిన పనిని చూచిన శాస్త్రజ్ఞునకును నేర్పు ఒక్కటియే. మొన యెంత వాడియైనదో యెఱుగుట సగము విద్య. ఆ వాడిమిని ఎచ్చట నుపయోగింపవలెనో యెఱుగుట మిగిలిన సగము.